పప్పులో కాలు

పక్షవాతం అనే మాట తెలియనివాళ్ళు ఉండరు. ఏ వీధిలో చూసినా ఒక తాతగారో, ఒక పెద్దమ్మగారో దానితో మంచాన పడి ఉండనే ఉంటారు. కాని ఆ మాటని విడదీసి చూసేవాళ్ళు తక్కువ. పక్షమంటే ఒక పక్క. నెలలో సగాన్ని పక్షం అంటాం. రెక్కనీ పక్షమే అంటాం. ఒంట్లో ఒక పక్క చెయ్యీ కాలూ స్వాధీనం తప్పితే అది పక్షవాతం. ఇప్పటి డాక్టర్లు చెప్పేదీ అదే. మెదడులో ఒక పక్క రక్తనాళం పూడుకుపోయినా, చిట్లిపోయినా, రెండో పక్క శరీరం పడిపోతుంది. మూతి వంకరపోతుంది. మాట ముద్దగా వస్తుంది. ఇప్పుడు అందరం స్ట్రోకు అంటున్నాం.

సరే. మరి రెండు కాళ్ళూ ఒక్కసారే పడిపోయి, చేతులు మాత్రం భేషుగ్గా ఉండి, మాట స్పష్టంగా ఉండి, మూతి ఎప్పటిలాగే ఉంటే? అది పక్షవాతం ఎలా అవుతుందండీ? కాదు. అయినా దాన్ని చాలాకాలం ఆ పేరుతోనే పిలిచారు. దెబ్బ కొట్టిందన్నారు, గాలి సోకిందన్నారు, పూర్వజన్మ కర్మ అన్నారు. అసలు కారణం పళ్ళెంలో ఉంది. అదీ మామూలు పళ్ళెంలో కాదు, కూలివాడి పళ్ళెంలో.

మొక్కలు మనిషిని ఇలా బోల్తా కొట్టించటం కొత్తేమీ కాదు. మేముండే సీతాఫల్‌మండి పేరులోనే ఒక పండుంది. సీతాఫలం గుజ్జు ఎంత తియ్యనో, గింజ అంత చేటు. పేలు పోతాయని గింజలు నూరి తలకి పట్టించి, ఆ రసం కంట్లోకి కారి కళ్ళు పాడుచేసుకున్న ఆడపిల్లలు ఎంతమందో. ఇక ఉమ్మెత్త సంగతి వేరే చెప్పాలా? వినాయకచవితి పత్రి ఇరవై ఒక్కటిలో అదీ ఒకటి. ఉమ్మెత్త రసం అంటిన చేత్తో ఒక కన్ను నులుముకుంటే ఆ కంటిపాప ఒక్కటే చక్రంలా విచ్చుకుని, దీపం చూపించినా ముడుచుకోదు. ఒక కంటిపాప అలా పెద్దదైతే డాక్టరు ముందు అనుమానించేది మెదడునే. మెదడు ఫొటోలన్నీ తీయించి, అన్నీ బాగానే ఉన్నాయని తేలాక, తోటలో ఏ మొక్క ముట్టుకున్నారమ్మా అని అడిగిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. కాని ఉమ్మెత్త చేసిన పని కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. నేను చెప్పబోయేది సర్దుకునే రకం కాదు. దాని పేరు కేసరి పప్పు.

ఈ కథలో ఒక ముఖ్యమైన అధ్యాయం మాకు కూతవేటు దూరంలోనే జరిగింది. సికింద్రాబాదులో లోకల్ రైలెక్కితే సీతాఫల్‌మండి తరవాత ఆర్ట్స్ కాలేజి, ఆ తరవాత జామై ఉస్మానియా. ఒక పక్క ఉస్మానియా విశ్వవిద్యాలయం, దాన్నానుకుని తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ. కాని ఆ అధ్యాయం అర్థం కావాలంటే ముందు దాదాపు రెండువందల ఏళ్ళు వెనక్కి, మధ్యభారతంలోని సాగర్ దాకా వెళ్ళిరావాలి.

స్లీమన్ దొర పేరు మీరు వినే ఉంటారు. దారికాచి, రుమాలు మెడకి బిగించి బాటసారుల్ని చంపే ఠగ్గుల్ని పట్టి అణచినవాడు. ఆయన 1835-36లో భార్యతో కలిసి నర్మదా తీరంనించి హిమాలయాల దాకా ప్రయాణం చేసి, చూసినవీ విన్నవీ రాసి, 1844లో పుస్తకంగా వేశాడు. ఆ పుస్తకాన్ని తన చెల్లెలికి అంకితమిచ్చాడు. అందులో సాగర్ ప్రాంతంలోని ఒక ఊరి కథ ఉంది. ఠగ్గుల కథలన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క ఊరి కథా ఒక ఎత్తు.

1829లో ఆ చుట్టుపక్కల వడగళ్ళవాన పడి గోధుమ చేలు నాశనమైపోయాయి. 1830లో అదనుకి వానల్లేక పంట తగ్గింది. 1831లో తెగులొచ్చి మళ్ళీ చేలన్నీ పోయాయి. మూడేళ్ళు వరసగా. అయితే ఈ మూడేళ్ళూ ఒక్క మొక్కకి మాత్రం ఏమీ కాలేదు. వడగళ్ళకి చావలేదు, ఎండకి మాడలేదు, తెగులు దాని జోలికే పోలేదు. గోధుమలో కలుపులాగా దానంతటది మొలిచే కేసరి అది. అక్కడివాళ్ళు తివ్రా అనేవారు. మంచి రోజుల్లో దాన్ని కోసి పశువులకి వేసేవారు. ఇప్పుడు తెగులు కొట్టిన గోధుమ చేలల్లోంచి ఆ గింజలే పండుగలాగా ఇంటికొచ్చాయి. ఆకూ కాడా పశువులకి వేసి, గింజ మనుషులు తిన్నారు. రొట్టె అదే, పప్పు అదే. ఆకలి చావు తప్పించిన తల్లి అనుకుని ఉంటారు పాపం.

1833లో మొదలైంది. ముప్ఫై ఏళ్ళలోపు పడుచువాళ్ళకి నడుం కిందభాగం ఉన్నట్టుండి పడిపోవటం మొదలైంది. రాత్రి బాగా ఉండి పడుకున్నవాడు తెల్లారి లేవబోతే కాళ్ళు మాట వినలేదు. ముందు నెప్పిలేదు, జ్వరంలేదు, ఏ సూచనా లేదు. స్లీమన్ దానికి వాడిన మాట పక్షవాతపు దెబ్బ అనే. నిద్రలో వచ్చి కొట్టేసి పోయేదాన్ని ఆ రోజుల్లో ఇంకేమనగలరు? రెండేళ్ళలో ఆ ఊరి యువతలో సగంమంది అలా అయిపోయారు. ఆడపిల్లలకీ వచ్చింది గాని మగపిల్లలకి ఎక్కువ. 1834 తరవాత కొత్తగా ఎవరికీ రాలేదు. వచ్చినవాళ్ళలో ఒక్కడూ కోలుకోలేదు.

స్లీమన్ డేరా వేసుకుంటే ఆ పిల్లలు వచ్చి చుట్టూ మూగారు. దొర కదా, ఏదో మందు చెబుతాడని. చూడముచ్చటైన యువకులు, పరువైన ఇళ్ళ పిల్లలు అని రాసుకున్నాడాయన. ఊరిపెద్ద కొడుకునీ, ఇంకొక కుర్రాణ్ణీ, జబ్బు కొంచెం తక్కువగా ఉన్నవాళ్ళని చూసి, సాగర్‌లో డాక్టరు ఫోలీ దగ్గరికి ఉత్తరమిచ్చి పంపించాడు. వీళ్ళకి నయం చేసే దారి ఏదైనా ఉంటే, ఉండటానికి చోటూ తినటానికి తిండీ చందాలు వేసో, సర్కారుని అడిగో ఏర్పాటు చేద్దామన్నాడు. ఏమైందనుకున్నారు? చోటూ లేదు, డబ్బూ లేదు అన్నారు అధికారులు. వరసగా కరువులు తిన్నవాళ్ళు ఇల్లు వదిలి పట్నంలో సొంత ఖర్చుతో ఉండగలరా? అంతటితో సరి. ఠగ్గుల్ని పట్టటానికి ఒక శాఖే పెట్టిన కంపెనీ దొరతనానికి ఈ కాళ్ళులేని పిల్లలకి ఒక పాక వెయ్యటానికి డబ్బు లేకపోయింది. ఈ మాట స్లీమన్ అనలేదు, నేనంటున్నాను.

ఒక్క సంగతి గమనించండి. ఆ పప్పే కారణమై ఉంటుందని అక్కడి జనానికి అనుమానం ఉంది. ఎక్కువగా తివ్రా మేపితే గుర్రాలకీ ఎడ్లకీ కాళ్ళు పోతాయని అందరూ అనుకునేవారట. తెలియక తిన్నారనుకోవటానికి లేదు.

ఆ మాటకొస్తే మన వైద్యులకి ఎప్పట్నించో తెలుసు. సుశ్రుతుడు వాతరోగాలు చెబుతూ పక్షవాతాన్ని ఒకటిగా చెప్పి, కలాయఖంజం అని ఇంకొకటి వేరేగా చెప్పాడు. నడక మొదలుపెట్టగానే వణికి, కుంటుతూ నడిచేవాడి జబ్బు అది. ఖంజమంటే కుంటితనం, కలాయమంటే బఠాణీ జాతి గింజ. పేరులోనే తిండినీ జబ్బునీ ముడిపెట్టేశారు. పదహారో శతాబ్దంలో భావమిశ్రుడు త్రిపుటం అనే పప్పు తింటే మనిషి కుంటివాడవుతాడని తన గ్రంథంలో రాశాడు. త్రిపుటమంటే మూడు పలకలది. కేసరి గింజని చూస్తే ఆ పేరెందుకొచ్చిందో తెలుస్తుంది. గ్రీకు వైద్యుడు హిప్పొక్రటీసు పేర వచ్చిన గ్రంథాల్లో కూడా ఒక ఊళ్ళో విడవకుండా గింజధాన్యాలు తిన్న ఆడా మగా అందరికీ కాళ్ళు సడలిపోయాయని ఉంది. 1671లో జర్మనీలో వుర్టెంబర్గు ప్రభువు ఈ పిండితో రొట్టె చేయటాన్ని నిషేధిస్తూ శాసనం చేశాడు. నేపుల్సులో కాంటానీ అనే డాక్టరు 1873లో ఈ జబ్బుకి లాథిరిజం అని పేరుపెట్టాడు. ఆ మొక్క శాస్త్రీయనామం లాథిరస్ సటైవస్, అందులోంచి తీశాడు.

స్పెయిన్ చిత్రకారుడు గోయా సంగతి చెప్పకుండా ముందుకి పోలేను. 1811-12లో మాడ్రిడ్ నగరంలో యుద్ధం వల్ల ఘోరమైన కరువు. అప్పుడు జనాన్ని బతికించింది ఈ కేసరి పిండితో కాచిన జావే. గోయా ఆ జావ పంచుతున్న దృశ్యం చెక్కి, ఈ గింజకి దణ్ణం పెట్టుకోండి అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. బొమ్మలో గిన్నెల చుట్టూ ఎముకలగూళ్ళలాంటి మనుషులు. ముందు ఒక స్త్రీ నేలమీద పడి ఉంటుంది. ఆమె ఆకలితో పడిందో, కాళ్ళు పడిపోయి పడిందో ఎవరి ఊహ వాళ్ళది. డాక్టర్లు మాత్రం ఆ కాళ్ళని పట్టిపట్టి చూస్తారు.

ఇంకొకటి, దీనికన్నా క్రూరమైనది. రెండో ప్రపంచయుద్ధంలో ఇప్పటి యుక్రెయిన్‌లో, అప్పటి రుమేనియా అధీనంలో, వాప్నియార్కా అని యూదుల నిర్బంధ శిబిరం ఉండేది. 1942 చివర్లో ఖైదీలకి పశువుల దాణా కోసం ఉంచిన ఈ గింజల్నే రోజూ ఉడికించి పెట్టారు. కొన్ని వారాలకే ఒకరి తరవాత ఒకరికి కాళ్ళు బిగుసుకుపోసాగాయి. ఖైదీల్లోనే ఆర్థర్ కెస్లర్ అనే డాక్టరున్నాడు. కారణం తిండేనని ఆయన పట్టుకున్నాడు. ఖైదీలు ఆ తిండి ముట్టం అని మొండికేశారు. ఆకలితో ఉన్నవాడు కంచం తోసెయ్యటం ఎంత కష్టమో ఊహించుకోండి. చివరికి ఆ గింజ పెట్టటం మానేశారు గాని, అప్పటికే చాలామంది జన్మంతా కుంటివాళ్ళయిపోయారు. కెస్లర్ తరవాత ఇజ్రాయెల్ వెళ్ళి, బతికి బయటపడ్డ ఆ రోగుల్నే ఏళ్ళతరబడి కనిపెట్టుకుని ఉన్నాడు.

మళ్ళీ మన దేశానికొద్దాం. 1922లో ఆక్టన్ అనే డాక్టరు ఈ రోగుల్ని కర్రల లెక్కన విడగొట్టాడు. కర్ర అక్కర్లేనివాడు, ఒక కర్రవాడు, రెండు కర్రలవాడు, ఆఖరికి పాకేవాడు. ఇంతకంటె సూటిగా చెప్పటం ఏ కవికీ చేతకాదు. మొదట్లో మడమ నేల ఆనదు, ముని వేళ్ళమీద నడక. తరవాత మోకాళ్ళు వంగి, కాళ్ళు కత్తెరలాగా ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. చివరికి చేతులమీద దేకటం. తమాషా ఏమిటంటే, తమాషా అనకూడదేమో, స్పర్శ పోదు. చీమ కుడితే తెలుస్తుంది. తెలివికి లోటుండదు, మాటకి లోటుండదు. ఆయుర్దాయమూ తగ్గదు. పాతికేళ్ళవాడు అలా దేకుతూనే ముసలివాడవుతాడు.

ఇప్పుడు రైలు దిగి తార్నాక వెళదాం. 1918లో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టింది. అదే ఏడు నీలగిరుల్లోని కూనూరులో మెక్‌కారిసన్ అనే డాక్టరు ఒక్క గదిలో, బెరిబెరి జబ్బు గురించి పరిశోధన మొదలుపెట్టాడు. ఆ గదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదు వచ్చి ఉస్మానియా పక్కనే కాపురం పెట్టింది. 1969 నించి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. ఒకే ఏట పుట్టిన ఇద్దరు నలభై ఏళ్ళ తరవాత ఇరుగుపొరుగులయ్యారన్నమాట.

అప్పటికి ఈ జబ్బు విషయంలో పెద్ద చిక్కు ఒకటుంది. పప్పులో విషం ఉందని అందరూ అంటారు గాని, ఆ విషం ఏదో ఎవరికీ దొరకలేదు. ఎలుకలకి పెడితే కాళ్ళు పడిపోవు, హాయిగా తిరుగుతాయి. ఇదే కుటుంబంలోని ఇంకో మొక్క గింజలు పెడితే ఎముకలు వంకరపోయాయి గాని నరాలకి ఏమీ కాలేదు. అదే దారి పట్టుకుని విదేశాల్లో శాస్త్రజ్ఞులు చాలా ఏళ్ళు వెతికారు. మన ఇంట్లో వస్తువు పోతే వెలుతురున్న గదిలోనే వెతుకుతూ కూర్చున్నట్టు.

తార్నాకలో రాయ్, నాగరాజన్, గోపాలన్ అనే ముగ్గురు 1963లో ఎలుకల్ని పక్కనపెట్టి, అప్పుడే గుడ్డులోంచి వచ్చిన కోడిపిల్లల్ని తీసుకున్నారు. కేసరి పప్పు సారాన్ని సూదిమందుగా ఇస్తే పిల్లలు మెడ వెనక్కి తిప్పేసుకుని, నిలబడలేక పడిపోయాయి. పెద్ద జంతువుల్లో రక్తానికీ మెదడుకీ మధ్య ఒక కంచెలాంటిది ఉంటుంది, అన్నిట్నీ లోపలికి రానివ్వదు. పసికూనల్లో ఆ కంచె ఇంకా గట్టిపడలేదు. అంచేత విషం తన పని చేసి చూపించింది. పప్పులో నరాలకి తగిలే విషం ఉందనటానికి అలా చేతికి సాక్ష్యం దొరికింది.

ఆ మరుసటేడే, 1964లో, విషం పేరుతో సహా దొరికిపోయింది. అదీ ఒకేసారి రెండుచోట్ల. బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూట్‌లో ఎస్.ఎల్.ఎన్. రావు, అడిగ, పి.ఎస్. శర్మ గార్లు ఒకవైపు. ఢిల్లీలో మూర్తి, శేషాద్రి, వెంకటసుబ్రహ్మణ్యన్ గార్లు ఇంకోవైపు. ఈ శేషాద్రిగారు 1930లలోనూ 40లలోనూ వాల్తేరులో మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చెప్పినాయనే. ఎస్.ఎల్.ఎన్. రావుగారు ఆ తరవాత ఉస్మానియా జీవరసాయన శాఖకి వచ్చి, దశాబ్దాలపాటు ఈ గింజనే పట్టుకుని కూర్చున్నారు. అలా కథ మా రైలుస్టేషన్ల మధ్యకి వచ్చి చేరింది.

ఆ పదార్థాన్ని ముద్దుగా ఓడాప్ అంటారు. పూర్తి పేరు రాస్తే పంక్తి చాలదు. అది చేసే పని ఇదీ. మెదడునించి కాళ్ళకి హుకుం మోసుకెళ్ళే నరాల కణాలు ఒకదానికొకటి కబురందించుకోవటానికి గ్లూటమేటు అనే పదార్థాన్ని వాడతాయి. అది వచ్చి తలుపు తట్టి, కబురు చెప్పి వెళ్ళిపోతుంది. ఓడాప్ చూడటానికి అచ్చం దానిలాగే ఉంటుంది. తలుపు తడుతుంది, కాని తట్టటం ఆపదు. కణం ఉద్రేకపడి ఉద్రేకపడి అలిసి చచ్చిపోతుంది. చచ్చిన నరకణం మళ్ళీ పుట్టదు. అందుకే స్లీమన్ డేరా చుట్టూ మూగిన పిల్లల్లో ఒక్కడూ లేచి నడవలేదు. ఏ డాక్టరు ఫోలీ అయినా ఏమీ చెయ్యలేకపోయేవాడు.

ఇక్కడ ఒక మాట. ఇది చదివి, మా మామగారిదీ పప్పు వల్లేనేమో అని అనుకోకండి. ఒక పక్క చెయ్యి బరువెక్కినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా అది స్ట్రోకే అనుకుని ఆ క్షణాన ఆస్పత్రికి పరుగెత్తాలి. రక్తం గడ్డ కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపు పడాలి. పావురం నెత్తురు రాయటానికీ, ఎవరో కనుక్కొచ్చిన పసరు కోసం పక్కూరు వెళ్ళటానికీ ఆ గంటలు చాలవు. కేసరి పప్పుకి అలాంటి తొందరలేదు. అది రెండు నించి ఆరు నెలలపాటు, తిండిలో నూటికి 30 పాళ్ళు దాటి, రోజూ కడుపులో పడితేగాని కాళ్ళు పట్టుకోదు. ఒకటి గంటల లెక్క, ఒకటి నెలల లెక్క.

నెలల లెక్క అన్నాను కదా. అసలు నెలల తరబడి, మూడుపూటలా ఒక్క పప్పే ఎవరు తింటారండీ? మనమైతే వరసగా నాలుగు రోజులు ముద్దపప్పు చేస్తే ఇంట్లో మూతులు ముడుస్తారు. తినేది ఎవరంటే, ఇంకోటి దొరకనివాళ్ళు.

మధ్యప్రదేశ్‌లో రీవా, సత్నా జిల్లాల్లో 1950లలోనూ 60లలోనూ ఈ రోగులు వేలల్లో ఉండేవారు. రీవాలో డాక్టర్ ఎం.పి. ద్వివేది లాంటివాళ్ళు ఊరూరా తిరిగి లెక్కలు కట్టారు. జబ్బు ఎవరికుందో చూస్తే ఊరి జాతకమంతా తెలిసిపోయింది. భూస్వామి ఇంట్లో లేదు. అప్పుకింద తరతరాలుగా కట్టుబడి దున్నే పాలేళ్ళ ఇళ్ళలో ఉంది. వాళ్ళకి కూలి డబ్బులు కావు, గింజలు. గోధుమలు కొట్లోకి వెళతాయి, కేసరి కూలివాడి ఒళ్ళోకి వస్తుంది. మరీ దయతలిస్తే రెండూ కలిపి కొలుస్తారు. దున్నగలిగిన పడుచువాడు ఎక్కువ పని చేస్తాడు, ఎక్కువ కూలి గింజ తెస్తాడు, ఎక్కువ తింటాడు. వాడి కాళ్ళే పోతాయి. మగవాళ్ళకి ఎక్కువగా ఎందుకొచ్చిందో చెప్పటానికి శాస్త్రజ్ఞులు చాలా కారణాలు వెతికారు గాని, ఇంట్లో వడ్డన ఎలా జరుగుతుందో తెలిసిన ఆడదానికి ఇది మరీ అంత వింతగా తోచదు. మిగిలింది తినే ఆవిడకి విషం కూడా తక్కువే మిగిలి ఉండొచ్చు.

తార్నాక వాళ్ళు విషం ఉందని చెప్పి ఊరుకోలేదు. మోహన్, నాగరాజన్, గోపాలన్ గార్లు 1966లో ఇంట్లో చేసుకోదగిన ఉపాయం చెప్పారు. ఓడాప్ నీళ్ళలో కరిగే రకం. బాగా మరిగిన నీళ్ళు పప్పుమీద పోసి, గంటా రెండు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ కడిగి ఎండబెట్టుకోవాలి. విషంలో ఎక్కువ భాగం నీళ్ళతో పోతుంది. ఉప్పుడు బియ్యం చేసే పద్ధతిలో చేసినా పోతుంది. బ్రహ్మాండమైన ఉపాయం, కాదనను. కాని వంటింట్లో నిలబడి ఆలోచించండి. మరిగించటానికి పుల్లలెవరు ఏరుకొస్తారు? రెండుసార్లు కడగటానికి ఎండాకాలంలో నీళ్ళెవరు మోస్తారు? పొద్దుటినించి పొలంలో ఉండి వచ్చిన ఆవిడ, పిల్లలు ఆకలో అని ఏడుస్తుంటే రెండు గంటలు నానబెడుతుందా? నీళ్ళతోబాటు బి విటమినులు కూడా కొన్ని పోతాయి, అది వేరే నష్టం.

ఈలోగా 1961లో కేసరి పప్పు అమ్మకాన్ని నిషేధిస్తూ కల్తీ చట్టం కింద నిబంధన వచ్చింది. అమలు రాష్ట్రాల చేతుల్లో పెట్టారు. పండించే రాష్ట్రాలు కొన్ని చాలాకాలం దాని జోలికే పోలేదు. పైగా నిషేధం అమ్మకానికి, సాగుకి కాదు. పాలేరుకి కూలిగా కొలిచిచ్చే గింజ బజారు మొహం చూడదు కదా! నిజం చెప్పాలంటే ఆ చట్టం కాపాడింది మనల్ని, అంటే కిరాణాకొట్లో కందిపప్పు కొనుక్కునే పట్నవాసుల్ని. కందిపప్పులోనూ, శనగపిండిలోనూ కేసరి కలపటం వ్యాపారుల పాత విద్య. రీవా పాలేరుకి దానివల్ల ఒరిగింది తక్కువ. నన్నడిగితే వాడికి అసలు మందు 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం రూపంలో వచ్చింది, ఆ తరవాత కాలవ నీళ్ళ రూపంలోనూ, డబ్బు కూలి రూపంలోనూ నెమ్మదిగా అందింది. డాక్టర్లు ఒప్పుకోకపోతే పోనీండి.

కల్తీ సంగతి వచ్చింది కాబట్టి గుర్తుపట్టటం ఎలాగో కూడా చెప్పేస్తాను. కందిబద్ద గుండ్రంగా, బోర్లించిన చిన్న గిన్నెలా ఉంటుంది. కేసరి బద్దకి పలకలుంటాయి, ఒక పక్క ఏటవాలుగా గొడ్డలితో నరికినట్టుంటుంది. పరీక్ష చేసేవాళ్ళు పప్పులో పలచటి హైడ్రోక్లోరికామ్లం పోసి ఓ పావుగంట సన్నని సెగమీద ఉంచుతారు. గులాబీరంగు వస్తే కేసరి ఉన్నట్టే. అది లాబరేటరీ వాళ్ళ పని, మీరు వంటింట్లో చెయ్యకండి. బద్దని అరచేతిలో వేసుకుని వెలుతురులో చూస్తే చాలు.

ఎస్.ఎల్.ఎన్. రావుగారి చివరి పరిశోధనలు ఇంకో మలుపు తిప్పాయి. ఈ గింజని ఊరికే దోషిగా నిలబెట్టటం న్యాయం కాదని ఆయన 2011లో వ్యాసం రాశారు. కరువుల్లో, ఇంకేదీ దొరకనివాళ్ళు, ఇదొక్కటే తిన్నప్పుడు వచ్చిన జబ్బది. నలుగురు తినేవాటితో కలిపి కొంచెంగా తింటే అలా జరగదు, పైగా ఇందులో హోమోఆర్జినిన్ అనే మేలు చేసే పదార్థం కూడా ఉంది అని ఆయన వాదన. ఇంకో విచిత్రం, చైనావాళ్ళు ప్రాణంలా చూసుకునే జిన్సెంగ్ జాతి దుంపల్లోనూ ఇదే ఓడాప్ ఉంది. అక్కడ దానికి వేరే పేరు, రక్తం కారటం ఆపే మందుగా వాడకం. విషం తక్కువుండే రతన్, ప్రతీక్, మహాతివ్రా రకాలు కూడా వచ్చాయి. 2016 ప్రాంతంలో నిషేధం ఎత్తెయ్యాలా వద్దా అని దేశమంతా వాదించుకున్నారు. ఎండలు ముదిరి, వానలు మొరాయిస్తున్న ఈ రోజుల్లో, నీళ్ళు లేకపోయినా నిలబడి పండే పప్పుని వదులుకోవటం రైతుకీ శాస్త్రజ్ఞుడికీ కూడా మనస్కరించటం లేదు.

2014లో తార్నాక శాస్త్రజ్ఞులు మహారాష్ట్రలోని గోండియా జిల్లా గురించి ఒక నివేదిక ప్రచురించారు. అక్కడ కేసరి పప్పు ఇంకా తింటూనే ఉన్నారు. కాని ఇప్పుడు అన్నంలోకి, కూరలతోపాటు, మనం పప్పు తిన్నట్టు తింటున్నారు. కొత్తగా కాళ్ళు పడిపోయినవాళ్ళు దొరకటమే అరుదైపోయింది.